నా మాట నేనే ముగిస్తా

బైండరు నోరు తెరిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళకి ఎక్కడలేని పరోపకారబుద్ధి పుట్టుకొస్తుంది. మొదటి అక్షరం దగ్గర అతని గొంతు పట్టేసి, మెడ నరాలు బిగుసుకునేసరికి, ఎవరో ఒకరు మిగతా మాట అందించేస్తారు. తప్పు మాట అందించినా మేలు చేశామన్న తృప్తితో వెళ్ళిపోతారు. పుస్తకాలు కుట్టి అట్టలు వేసే ఈ నలభై ఏళ్ళ మనిషికి ప్రింటింగ్ ప్రెస్సులో వాళ్ళు పెట్టిన పేరు ‘స్టార్టింగ్ ట్రబుల్’. అలా పిలిచిన ప్రతిసారీ, ఆ జోకు అప్పుడే పుట్టినట్టు నవ్వుకుంటారు.

ఇంట్లోనూ అంతే. పెళ్ళైన మర్నాడు పొద్దున్నే ‘కాసిని మంచినీళ్ళు’ అడగబోయి అతను ‘కా... కా...’ దగ్గర ఆగిపోతే, కొత్త పెళ్ళికూతురు “కాఫీయేగా, తెచ్చేస్తున్నా” అని వంటింట్లోకి పరుగెత్తింది. కాఫీ అంటే అతనికి పడదు. పదకొండేళ్ళుగా రెండుపూటలా తాగుతున్నాడు.

నత్తి ఉన్నవాడికి తేలిగ్గా వచ్చే మాటలు కొన్ని ఉంటాయి. ఇతనికి ‘సరే’, ‘అలాగే’, ‘తెలీదు’. ‘కాదు’ మాత్రం గొంతులోనే అడ్డం తిరిగేది. అందుకని అన్నిటికీ సరే అంటూ వచ్చాడు. బంధువుల్లో అతనికి ఎంత మంచివాడన్న పేరో చెప్పలేం.

అతని మాట చివరిదాకా వినే మనిషి ఒక్కతే. కాగితాలు కోసే కటింగ్ మిషన్ మీద పనిచేసే ఆవిడ, ప్రెస్సులో అందరికీ అక్క. బైండరు ఏదైనా చెప్పడం మొదలుపెడితే అక్క చేతిలో పని ఆపేది. తల ఊపేది కాదు, పాపం అన్నట్టు మొహం పెట్టేది కాదు, ఊరికే చూస్తూ కూర్చునేది. మాట వచ్చాక జవాబిచ్చేది. అంతే. ఆ మాత్రం ఇంకెవరికీ చేతకాలేదు.

ఆ అక్క ఎడమచేతి రెండు వేళ్ళు పోయిన నెల మిషన్ కింద పడి తెగిపోయాయి.

ఆ మిషన్‌కి రెండు బటన్లుంటాయి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది. చేతులు బటన్ల మీద ఉంటాయి కాబట్టి కత్తి కిందికి వెళ్ళే ప్రమాదం లేదు. ఆ రోజు ఒక బటన్ నొక్కుకుని ఉండిపోయేలా ఎవరో టేపు వేసి బిగించేశారు. ఒక చేత్తో కాగితం సర్దుతూ ఇంకో చేత్తో కత్తి దింపేస్తే పని త్వరగా అవుతుందని. ఆ టేపు అక్కే వేసుకుందని మేనేజరు కార్మిక శాఖకి రాసి పంపాడు. సొంత తప్పు అని తేలితే ఆమె ఉద్యోగం ఊడినట్టే. “వేళ్ళు లేని మనిషిని పెట్టుకుని నేనేం చేసుకోను?” అని అప్పుడే అందరితోనూ అంటున్నాడు.

టేపు వేసిన చెయ్యి ఎవరిదో బైండరు చూశాడు. పనివాళ్ళలో ఆ పొద్దున త్వరగా వచ్చినవాడు అతనొక్కడే.

విచారణ రోజు భార్య గ్లాసు చేతికిస్తూ అంది. “అంతమందిలో ఏం ఇబ్బంది పడతారు చెప్పండి? తెలీదు అనేసి వచ్చేయండి. ఒక్క ముక్కే కదా.”

అతను కాఫీ తాగాడు. ఎప్పటిలాగే చేదుగా ఉంది.

మేనేజరు గదిలోనే విచారణ. బల్ల వెనక కార్మిక శాఖ నుంచి వచ్చిన అధికారి, పక్కన టైపు చేసే గుమాస్తా. మేనేజరు కుర్చీ వేసుకుని అధికారికి దగ్గరగా కూర్చున్నాడు. గోడవార స్టూలు మీద అక్క, ఒళ్ళో కట్టు కట్టిన చెయ్యి.

“ఆ టేపు ఎవరు వేశారో చూశావా?” అని అడిగాడు అధికారి.

“చూ... చూశాను. మే... మే...”

మ అక్షరం పెదాల మధ్య ఇరుక్కుంది. అతని కుడికన్ను దానంతటదే మూసుకుపోయింది.

“మేనేజరుగారు ఆ టైమ్‌కి లేరు అంటున్నాడండీ,” అన్నాడు మేనేజరు, ఎంతో దయగా. “పాపం, నత్తి. నేను చెప్తాలెండి, నాకు అలవాటే.”

గుమాస్తా వేళ్ళు టకటకలాడాయి.

“అక్క... తన ప... ప...”

“పని త్వరగా అవుతుందని తనే వేసుకుంది. అంతేగా?”

అక్క తన పని తను చేసుకుంటోందని, టేపు సంగతి ఆమెకి తెలీదని చెప్పబోయాడు బైండరు. అప్పటికే గుమాస్తా కాగితం లాగి బల్ల మీద పెట్టేశాడు. అధికారి గోడ గడియారం చూసుకున్నాడు. “సరిపోయింది. సంతకం పెట్టు.”

కాగితం మీద అన్నీ పూర్తి వాక్యాలు. ఎక్కడా తడబాటు లేదు. తన నోట్లోంచి ఒక్కటీ రాలేదు. కలం అందుకున్నాడు. ‘సరే’ నాలుక చివర సిద్ధంగా ఉంది, ఎప్పటిలాగే నున్నగా. అతను తలెత్తి అక్క వైపు చూశాడు.

అక్క బతిమాలడం లేదు. కళ్ళతో సైగ చేయడం లేదు. మిషన్ దగ్గర ఎలా కూర్చునేదో అలాగే కూర్చుని ఉంది, అతను ముగించే వరకు.

కలం బల్ల మీద పెట్టేశాడు. “కా... కా...”

“కాగితం చదివి వినిపించమంటున్నాడు,” అన్నాడు మేనేజరు.

బైండరు అరచెయ్యి ఎత్తి అతని మొహానికి అడ్డంగా పెట్టాడు. జీవితంలో ఎవరికీ అలా చెయ్యి అడ్డం పెట్టలేదు. మేనేజరు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

“కా... కా... కాదు.”

“ఇంత కష్టం ఎందుకయ్యా?” అధికారి తెల్లకాగితం ముందుకు తోశాడు. “రాసిచ్చేయి, పోతుంది.”

“అం... అందరూ నోటితోనే చె... చెప్పారు. నేనూ నోటితోనే చె... చెప్తాను.” కాగితాన్ని వెనక్కి తోశాడు. “ఎం... ఎంతసేపైనా సరే. నా మాట నేనే ము... ముగిస్తా.”

“టైమ్ వేస్టండీ, ఇతనికి బుర్ర కూడా కొంచెం...” మేనేజరు ఒంటికాలి మీద లేచాడు.

“మీరు కూర్చోండి,” అన్నాడు అధికారి. గడియారం వైపు ఇంకోసారి చూసి, ఈసారి చూపు తిప్పేసుకున్నాడు. గుమాస్తా వేళ్ళు గాల్లోనే ఆగాయి.

పట్టింది సమయం. బాగానే పట్టింది. మెడ నరాలు ఉబ్బాయి, చొక్కా వీపుకి అతుక్కుపోయింది, కుడికన్ను మూసుకుపోయింది, తుంపర బల్ల మీద పడింది. సిగ్గేసింది. సిగ్గుతోనే చెప్పాడు.

“ఆ టే... టేపు వేసింది మే... మే... మే... మేనేజరు. నేను చూ... చూశాను. ఆర్డరు తొం... తొందరగా పోవాలన్నాడు. అక్క అప్పటికి రా... రానేలేదు. ఆ... ఆమె వేళ్ళు తీసింది ఆ టేపు. ఆమె ప... పని తీసేస్తానంటే, ముం... ముందు నన్ను తీసేయమనండి.”

“అక్షరం పొల్లుపోకుండా కొట్టు,” అన్నాడు అధికారి గుమాస్తాతో. “ఇందాకటిది చింపేయ్.”

కొత్త కాగితం చదివి వినిపించారు. ఆరు వాక్యాలు, అన్నీ తనవే. బైండరు సంతకం పెట్టాడు. బయటికి వస్తుంటే అక్క అంది, “రేపొకసారి ముందుగా రారా తమ్ముడూ. మూడు వేళ్ళతో కాగితం ఎలా పట్టాలో చూసుకోవాలి.” ఏడవకుండా అనడానికి ఆమెకీ కొంచెం సమయం పట్టింది. అతను ఆగాడు.

ఇంటికొచ్చేసరికి భార్య గ్లాసుతో ఎదురొచ్చింది. “ఏమైందండీ? తెలీదనేశారా?”

“కా... కా...”

“కాఫీయేగా, ఇదిగో...”

అరచెయ్యి లేచింది. ఆమె గ్లాసుతో అక్కడే నిలబడిపోయింది.

“కా... కాఫీ నాకు ప... పడదు.”

“ఎప్పట్నుంచి?”

“మొ... మొదట్నుంచీ.”

“పదకొండేళ్ళు నోరు మూసుకుని తాగారా?” ఆమెకి కోపమొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. “ఇంకా ఏమేం ఉన్నాయి అలాంటివి?”

అతను చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో అందించబోయి, ఆమె పెదాలు గట్టిగా బిగబట్టుకుంది. గ్లాసు పక్కన పెట్టి, అతని ఎదురుగా కూర్చుంది. ఆ పూట వాళ్ళింట్లో వంట చాలా ఆలస్యమైంది.