చాదస్తం అన్న

"జోకు అర్థం కాలేదా?" అన్నాడు భర్త, వంటింటి గుమ్మానికి భుజం ఆనించి.

ఆమె అడుగంటిన గిన్నెను పీచుతో తోముతోంది. అర్థమైందన్నట్టు తల ఊపింది. అతను నమ్మలేదు. అర్థమైతే నవ్వాలి కదా మరి. అందుకని ఫోను మళ్లీ పైకెత్తి, చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పినట్టు మొదలుపెట్టాడు.

"ఒకడు అడిగాడు, నా కంప్యూటర్ బాగా నెమ్మదించింది, ఏం చేయమంటారు అని. దానికి చాదస్తం అన్న ఏం రాశాడో విను. 'దాన్ని పక్కింటివాళ్లకి ఇచ్చెయ్యండి. కొన్నాళ్లు పోయాక వెళ్లి చూడండి, గుర్రంలా పరిగెడుతూ ఉంటుంది. యంత్రం అదే, ఇల్లు మారింది.' అంటే ఏమిటంటే, ఇక్కడ అసలు విషయం మెమరీ..."

మెమరీ గురించి అతను చాలా చెప్పాడు. ఆమె గిన్నె తోమడం అయింది, బోర్లించడం అయింది, గట్టు తుడవడం అయింది, ఆ మెమరీ మాత్రం అవలేదు. ఆ జోకులో మెమరీ ఎక్కడా లేదని ఆమెకు తెలుసు. ఆ ముక్క రాసింది ఆమే, పొద్దున, పొయ్యి మీద పాలు పొంగేలోపు.

సందేహాల సంత అని ఇంటర్నెట్‌లో కంప్యూటర్లవాళ్లు పోగయ్యే చోటొకటుంది. పేరుకి సందేహాలు తీర్చుకోవడానికే గాని, అక్కడ తీరిన సందేహాల కంటే తెగిన స్నేహాలు ఎక్కువ. కోడ్ రాసేటప్పుడు వరస మొదట్లో వదిలే ఖాళీ జాగా ఒక్క నొక్కుతో వదలాలా, నాలుగు నొక్కులతో వదలాలా అని ఒకసారి వాదన మొదలైతే, అందులోకి బ్రహ్మచారులుగా దిగినవాళ్లు బిడ్డల్ని ఎత్తుకుని బయటికొచ్చారట. తెర నల్లగా ఉండాలా తెల్లగా ఉండాలా అన్నదాని మీద ఇద్దరు అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టారట. ఒకాయన తన పెళ్లి జరుగుతుండగానే ఫోన్లో మాట్లాడి ఎక్కడో ఆగిపోయిన సర్వర్‌ని నడిపించానని రాస్తే, సర్వర్ నడిచింది సరే, పెళ్లి ఆగిపోయిందని ఇంకొకాయన కింద రాశాడు.

అలాంటి చోట గొడవలు ముదరకుండా చూసేవాళ్లని కాపలావాళ్లంటారు. జీతం లేని పని. జీతం లేని పని ఎవరికి అప్పగించాలో లోకానికి ఎప్పుడూ బాగా తెలుసు. ఆమెకి మాత్రం మగవాడనుకుని పొరపాటున అప్పగించారు.

పొరపాటు పేరుతో మొదలైంది. చేరేటప్పుడు ఏ పేరు పెట్టుకుంటావని సంత అడిగితే, ఇంట్లో రోజూ వినేదే ఆమెకు గుర్తొచ్చింది. పొయ్యి కట్టేశారా అని అడిగితే "నీ చాదస్తం". వీధి తలుపు తాళం వేశారా అంటే "నీ చాదస్తం". ఆ ఫోటోలు ఇంకోచోట కూడా దాచుకోండి, ఫోను పోతే అన్నీ పోతాయి అంటే "అబ్బ, నీ చాదస్తం". సరే, రోజూ పిలిచేది పేరే కదా అని అదే రాసేసింది. రెండు జవాబులు ఇచ్చేసరికి సంత ఆమెని "అన్నా" అంది. పదో జవాబుకి "గురువుగారూ" అంది. ఇంత సూటిగా చెబుతూ, ఇంతగా నవ్విస్తూ ఉన్నది మగవాడేనా అన్న సందేహం, అన్ని సందేహాలున్న ఆ సంతలో ఒక్కడికీ రాలేదు.

ఆమె భర్తకీ రాలేదు. సంతలో అతని పేరు "ఒంటరి సింహం". పెళ్లయిన ఇంట్లో, తల్లి చేతి కాఫీ తాగి, భార్య మడతపెట్టిన చొక్కా తొడుక్కుని బయల్దేరే సింహానికి ఒంటరితనం ఎక్కడినుంచి వచ్చిందో ఆమె అడగలేదు. ఇంట్లో అతను ఆమెని "నువ్వు" అంటాడు, ఆమె అతన్ని "మీరు" అంటుంది. సంతలో అతను "అన్నా, మీరు చెబితే తిరుగుండదు" అని రాస్తాడు. ఆమె "తమ్ముడూ, నువ్వు ముందు వైరు పెట్టావో లేదో చూసుకో" అని రాస్తుంది. ఫోటోలు ఇంకోచోట దాచమని చాదస్తం అన్న రాసిన రోజున అతను పరుగున వచ్చి, "చూశావా, తెలిసినవాడు చెప్పాడు" అంటూ అన్నీ దాచుకున్నాడు.

ఇలాంటివి ఆమెకి ఆఫీసులోనూ అలవాటే. ఆమె ఉద్యోగం టెస్టర్, అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. మీటింగులో ఇది ఇక్కడ పగులుతుంది అని ఆమె చెబుతుంది. గదిలో ఎవరికీ వినపడదు. కాసేపటికి పక్క కుర్చీలో కుర్రాడు గొంతు సవరించుకుని అదే మాట అంటాడు, మేనేజరు బల్ల మీద చరిచి మంచి పాయింటు అంటాడు, ఆ పాయింటు రాసుకోమని ఆమెకి చెబుతాడు. తన మాట గాలిలోకి వెళ్లి, ఇంకొకడి నోట్లోంచి కాస్త బొంగురుగా తిరిగి రావడం వినీవినీ, ఒక్కోసారి తను నిజంగానే మాట్లాడిందా, అనుకున్నదా అని ఆమెకే అనుమానం వచ్చేది. సంతలో ఆ అనుమానం లేదు. అక్కడ పెట్టిన మాట పెట్టినచోటే ఉంటుంది, ఎవరిదో పక్కనే రాసి ఉంటుంది. కూరలు తరుగుతూ ఒకటి, బట్టలు ఆరేస్తూ ఒకటి, అలా ఆమె ఆ సంతలో తనకంటూ కాస్త నేల సంపాదించుకుంది. అత్తగారు మాత్రం ఓ కంట కనిపెడుతూనే ఉండేది. "వాడు ఫోన్ చూసి నవ్వితే వాడికేదో లోకజ్ఞానం అనుకోవచ్చు. నువ్వు దేనికే నవ్వుతావు?" అనేది. ఆవిడ అడగడంలో కోపం కంటే ఆరాటమే ఎక్కువ వినిపించేది.

శుక్రవారం సంతలో నవ్వుల రోజు. ఆ సాయంత్రం ఆమె మంచం మీద ఉతికిన బట్టల గుట్ట ముందు కూర్చుని, ఒక చేత్తో మడతలు పెడుతూ ఇంకో చేత్తో ఫోను చూస్తుంటే, ఒంటరి సింహం గర్జించింది.

"మా ఇంట్లో ఉన్నది పాత వెర్షన్. తీసేసే దారి కంపెనీవాళ్లు ఇవ్వలేదు. సౌండు తగ్గించే మీట లేదు. ఏది నొక్కినా, తడి తువ్వాలు మంచం మీద ఎవరు వేశారు అని ఒకటే మెసేజ్. మొన్న ఆఫీసులో ప్రమోషన్ రాలేదని పూర్తిగా హ్యాంగయింది. బాత్రూమ్‌లో దూరి, కుళాయి విప్పుకుని ఏడుపు. తలుపు బయట నిలబడి రీస్టార్ట్ చెయ్ అన్నాను. సపోర్టు లేని సరుకు, జాగ్రత్త తమ్ముళ్లూ."

సంత పొట్ట పట్టుకుంది. మా ఇంటి మోడల్ వేడెక్కుతుంది కూడా అని ఒకడు. గడువులోగా అత్తారింటికి వాపసు ఇవ్వాల్సింది అని ఒకడు. చాదస్తం అన్నా, మీ ఇంట్లో ఏ మోడలో చెప్పండి అని ఇంకొకడు.

తువ్వాలు ముక్కకి ఆమెకే నవ్వొచ్చింది. తప్పులు పట్టే మనిషి కాబట్టి బాగున్నదాన్ని బాగుందని ఒప్పుకుంటుంది. కుళాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. ఇల్లు ఆయనది, మంచం ఇద్దరిది, జీతం అందరిది. ఆ కుళాయి చప్పుడొక్కటే తనది అనుకుంది ఇన్నాళ్లూ. అదీ అంగట్లోకి వచ్చేసింది. కాపలావాళ్లకి ఒక మీట ఉంటుంది, నొక్కితే ఎవరు రాసిందైనా మాయం. బొటనవేలు దాని మీదే ఉంది. నొక్కితే ఏమవుతుంది? జోకు పోతుంది. నవ్వినవాళ్ల కడుపులో నవ్వు అలాగే ఉంటుంది. ఏడ్చింది తను. ఇప్పుడు ఎవరో నవ్వారని దాన్ని గుడ్డ కప్పి దాచాల్సిందీ తనేనా? ఇల్లంతా తుడుస్తోంది, దీన్ని కూడా తనే తుడవాలా? ఆమె వేలు తీసేసింది. చొక్కా పక్కన పడేసి, రెండు చేతులతో రాయడం మొదలుపెట్టింది.

"ఆ బాత్రూమ్‌లో ఉన్నది నేనే. కుళాయి విప్పింది ఏడుపు బయటికి వినపడకూడదని. ఏడ్చింది ప్రమోషన్ రానందుకు కాదు, అది వచ్చిన కుర్రాడికి పని నువ్వే నేర్పమని నాతో అన్నందుకు. తలుపు బయటి నుంచి వినపడింది రీస్టార్ట్ చెయ్ అని కాదు. ఇంకా ఎంతసేపు, అమ్మకి ఆకలేస్తోంది అని."

పంపింది.

సంత పైకప్పు లేచిపోయేలా నవ్వింది. అన్నా, మీరు మామూలోళ్లు కాదన్నా. అన్న ఆడగొంతు ఎంత బాగా పెట్టాడో చూడండిరా. సంత పుట్టిన దగ్గర్నుంచి ఇంత పెద్ద జోకు లేదు. ఆమె జీవితంలో చెప్పిన నిజాలన్నిట్లోకీ ఎక్కువ మంది చదివిన నిజం అదే. ఒక్కరూ నమ్మలేదు.

హాల్లోంచి భర్త చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"చాదస్తం అన్న నా జోకుకి జవాబిచ్చాడు. నా జోకుకి. అందరూ దొర్లిదొర్లి నవ్వుతున్నారు. నేనింకా చదవలేదు, నీకూ వినిపిద్దామని ఆగాను. అమ్మా, నువ్వూ రా."

అత్తగారు బఠానీ కాయల గిన్నె చంకన పెట్టుకుని వచ్చి మంచం చివర కూర్చుంది. అతను గొంతు సన్నం చేసి, ఆడవాళ్లలా తల తిప్పుతూ చదవడం మొదలుపెట్టాడు. కుళాయి దగ్గర బాగా నవ్వాడు. కుర్రాడికి పని నేర్పడం దగ్గర, "ఇది మాత్రం అన్న ఎలా ఊహించాడో" అన్నాడు. "తలుపు బయటి నుంచి వినపడింది రీస్టార్ట్ చెయ్ అని కాదు" అన్న చోట గొంతు సన్నదనం పోయింది. చివరి మాట పెదవులతో చదువుకున్నాడు గాని బయటికి రాలేదు.

"ఆగారేం?" అంది ఆమె. "ఇంకా ఎంతసేపు, అమ్మకి ఆకలేస్తోంది. అంతే ఉంది, చదవండి."

అతను ఫోను వంక చూశాడు, ఆమె వంక చూశాడు, మళ్లీ ఫోను వంక చూశాడు.

"మీరా?" అన్నాడు. వెంటనే నాలుక కరుచుకుని, "నువ్వా?" అన్నాడు.

"నేనే."

"ఫోటోలు ఇంకోచోట దాచమన్న జవాబు?"

"నేనే."

"పక్కింటి కంప్యూటరు..."

"అందులో మెమరీ లేదు."

అతను మంచం మీద బట్టల గుట్ట పక్కన కూలబడ్డాడు. "నాకు ఆకలేస్తోందని నేనెప్పుడన్నానురా?" అంది అత్తగారు. ఆవిడ ఒక కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. "మీ నాన్న తలుపు కొట్టేవారు కాదు. నెట్టుకొచ్చేవారు. లోపల గొళ్లెం పెట్టించమని అడిగితే, ఇంట్లో నీకు దాపరికాలేమిటి అన్నారు." అదేదో వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పి ఇంకో కాయ అందుకుంది.

భర్త కాస్త తేరుకున్నాడు. "సరే, జరిగిందేదో జరిగింది. ఇంకా ఎవరికీ తెలియదు కదా. ఊరికే జోకని ఒక ముక్క రాసెయ్. నీకేం పోయింది? నేను ఆఫీసులో సగం మందికి ఆ సింహం నేనేనని చెప్పుకున్నాను. నా పరువు..."

ఆమె వినలేదు, తెర చూస్తోంది. నవ్వులు పలచబడుతున్నాయి. ఇది జోకులా లేదే అని ఒకడు రాశాడు. దాని కింద ఇంకొకడు: "అన్న నిజంగా అక్కయితే, నిన్న బ్యాకప్ గురించి చెప్పింది ఎవరైనా ఒకసారి సరిచూడండి." దానికి మెచ్చుకోలు బొటనవేళ్ల బొమ్మలు పడుతున్నాయి. నిన్న అదే జవాబు కింద దండాలు పెట్టింది ఈ రాసినవాడే.

ఇంతలో సంత పెట్టిన పెద్దాయన నుంచి విడిగా ఒక మెసేజ్ వచ్చింది. "మీ మీద గౌరవంతో చెబుతున్నాను. నిజమేదో నేను అడగను. జోకని ఒక్క మాట రాసెయ్యండి. అన్నగా ఉంటే సంత మీ మాట మీద నడుస్తుంది. లేకపోతే ప్రతి మాటకీ రుజువు అడుగుతారు, కాపలా కూడా మానమంటారు. నేను ఆపలేను."

భర్త ఆమె భుజం మీదుగా చదివాడు. ప్రాణం లేచొచ్చింది. "చూశావా. ఆయన కూడా అదే అంటున్నాడు."

"అవును. మీరిద్దరూ ఒకర్నొకరు ఎప్పుడూ చూడనైనా లేదు," అంది ఆమె.

ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న ఆ కాస్త నేలా పోతుందని ఆమెకు తెలుసు. తనకి నవ్వొచ్చినప్పుడల్లా నవ్విన ఆ వేలమంది, రేపటి నుంచి తను నోరు విప్పగానే గొంతు సవరించుకుంటారు. ఒక్క మాట రాస్తే ఏదీ పోదు. ఎవరికి గౌరవం ఇస్తున్నారో ఆ అన్న హాయిగా ఉంటాడు. ఆ అన్న ఎక్కడా లేడు, అదే చిక్కు. లేనివాడి కోసం ఉన్న మనిషి బాత్రూమ్‌లోకి పోయి కుళాయి విప్పుకోవాలి.

ఆమె లేచి, హాల్లో భోజనాల బల్ల దగ్గర, అందరికీ కనిపించే కుర్చీలో కూర్చుంది. ల్యాప్‌టాప్ తెరిచింది. భర్త వెనకాలే వచ్చి నిలబడ్డాడు. దాచుకోలేదు, తెర అతనికి కనిపించేలా కాస్త పక్కకి తిప్పి మరీ రాసింది.

"జోకు కాదు. నేను ఆడదాన్ని. నిన్న బ్యాకప్ గురించి చెప్పింది సరిచూసుకోండి. మొన్నటిదీ, అంతకు ముందువీ కూడా చూసుకోండి. అప్పుడే చూసుకోవాల్సింది. కాపలా నేను మానను. తర్వాత సందేహం ఎవరిది?"