మీటరు పెట్టని కిటికీ

సబ్బునీళ్ళు చిమ్మి, అద్దం మీద ఫిల్ము పరిచి, రబ్బరు పట్టీతో పైనుంచి కిందికి లాగాడు అద్దాలాయన. ఒక్క బుడగ మిగల్లేదు. పదహారేళ్ళుగా కిటికీలకు ఎండ ఆపే ఫిల్ము అంటిస్తున్న చేతులవి, వేళ్ళ చివర్లు ఎప్పుడూ నానిపోయి ఉంటాయి.

ఆఫీసు మేనేజరు చిన్న మీటరొకటి తీసి ఆ అద్దానికి ఆనించాడు. సున్నా చూపించింది.

"ఒళ్ళు కాల్చే కిరణం ఒక్కటీ రావట్లేదయ్యా. భలే సరుకు!"

అద్దాలాయన మురిసిపోయాడు. తన ఇంటికీ ఇదే కదా వేసుకున్నాడు! ఆరేళ్ళ కూతురు పిచ్చుకకు ఎండ పడని జబ్బు. తల్లీ తండ్రీ ఇద్దరి రక్తంలోనూ దాక్కుని పిల్లలో బయటపడింది. తను పనిచేసే ఫిల్ముల కొట్టు యజమాని స్వయానా భార్యకు అన్న. "మేనకోడలికి కాకపోతే ఎవరికిస్తాను బావా" అంటూ రోలు ఊరికే ఇచ్చాడు. పిల్లను గడప దాటనివ్వకుండా పెంచారు. అయినా కుడికంట్లో నల్లగుడ్డు అంచున గడ్డ లేచింది, పోయిన నెల కన్నే తీసేశారు. ఎండ ఎక్కడినుంచో సోకుతోంది, రెండో కన్నైనా కాపాడుకోండి అంది డాక్టరమ్మ. తలుపు తీసి ఉంటావని భార్యను ఎన్నెన్ని మాటలన్నాడో!

మనసు కుదుటపడుతుందని, గంటసేపటికి ఆ మీటరు అడిగి ఇంటికి తెచ్చాడు. కిటికీకి ఆనించగానే అంకెలు పరుగెత్తాయి. అద్దం తుడిచి మళ్ళీ పెట్టాడు. అవే అంకెలు. ఉత్త నల్లరంగే, కిరణాల్ని ఆపేదేం కాదు! తన చేతులతో తనే అంటించుకున్నాడు.

పిల్లను లోపలి గదిలోకి పంపి, కిటికీకి బయటినుంచి దుప్పటి కట్టి, ఫిల్ము ఒలిచాడు.

"ఏమైంది?" అంది భార్య.

"నీ తప్పేం లేదే. నిన్ను అన్యాయంగా అన్నాను" అన్నాడు.

మీటరు తిరిగిచ్చేసి, ఒలిచిన ఫిల్ము చుట్టతో కొట్టుకు వెళ్ళి దాన్ని బల్ల మీద పెట్టాడు. బావ టీ తాగుతున్నాడు.

"మా ఇంటికి ఏ రోలు ఇచ్చావు బావా?"

"రంగు రోలు. నల్లగానే ఉంది కదా! ఇళ్ళల్లో మీటరు పెట్టి చూసేదెవరు?"

"మా పిల్ల కన్ను పెట్టి చూసింది."

బావ గ్లాసు దించాడు. అద్దాలాయన అరలోంచి మంచి రోలు తీసి భుజాన వేసుకున్నాడు. రేపటినుంచి రానని కూడా చెప్పకుండా మెట్లు దిగిపోయాడు.

ఇంటినుంచి తెచ్చిన నల్లఫిల్ము చుట్ట బల్ల మీద మెల్లగా విచ్చుకుంది. పిచ్చుక రోజూ నిలబడి బయటికి చూసే చోట అంటించుకున్న పిల్లిబొమ్మ ఇంకా దాని మీదే ఉంది.