ఇషూ సంచిలో లేనిది

వేటకు వెళ్లేవాడి భుజాన ఏముండకూడదో తనకు తెలిసినంతగా ఆ అట్లాస్ కొండల్లో ఇంకెవరికీ తెలియదని ఇషూ నమ్మకం. కౌజు పిట్టలు పైకే పరుగెత్తుతాయి, వాటి వెనక రోజంతా ఎక్కేవాడికి ప్రతి తులం బరువూ మోకాళ్ల మీదే పడుతుంది అనేవాడు. ఆరు తూటాలు, గుప్పెడు అంజూరపండ్లు, తనకూ కుక్కకూ కలిపి ఒక నీళ్ల సీసా, అంతే. తన సంచి సంగతి చూసుకుని ఊరుకుంటే బాగుండేది. అడగకపోయినా ఇతరుల సంచులు విప్పి, అక్కర్లేనివన్నీ బండ మీద పేర్చేవాడు. మాటల్లోనూ అంతే పొదుపు. ఇంటికొచ్చి "రెండు" అనో "లేవు" అనో చెప్పి కాళ్లు కడుక్కునేవాడు. ఇంకేమైనా చెబుతాడేమోనని భార్య రబ్హా కాసేపు చూసి లేచిపోయేది.

ఆ డిసెంబరులో రబ్హాకు కడుపు కోసి ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చి మూడు వారాలైనా ముద్ద దిగడం లేదు. ఇలాగే ఉంటే మనిషి నిలవదని డాక్టరు ఇషూను పక్కకు పిలిచి చెప్పాడు. శనివారం ఆమె గోడవైపు తిరిగి పడుకునే, కౌజు చారు అయితే రెండు చెంచాలు తాగుతానేమో అంది. వేటకు అనుమతి ఆదివారాలే, ఆ వేటకాలంలో ఇక ఒక్క ఆదివారమే మిగిలి ఉంది.

అందుకే ఇషూ మర్నాడు మరీ తేలికగా బయల్దేరాడు. ఎక్కాల్సింది అందరూ వదిలేసిన పై గట్టు. ఇత్తడి బకిల్ ఉన్న తోలు బెల్టు కూడా దండగ బరువనిపించి, మేకుకు తగిలించి, నడుముకు తాడు కట్టుకున్నాడు. రబ్హా తమ్ముడు హద్దూ మాత్రం టీ కెటిల్, గ్లాసులు, చక్కెర గడ్డ, రొట్టెలతో ఎప్పటిలా వచ్చాడు. కాపురం మారుస్తున్నావా అని ఇషూ దెప్పితే నవ్వి ఊరుకున్నాడు. లోయ దగ్గర ఇద్దరూ చెరో గట్టూ పట్టుకున్నారు.

మధ్యాహ్నానికి గానీ ఇషూ కుక్క డియాన్ ఒక పొద ముందు కదలకుండా నిలబడలేదు. పిట్టలు లేవగానే ఇషూ బిస్మిల్లా అని పేల్చాడు. ఒక్కటే పడింది, రెక్క విరిగి. డియాన్ దాన్ని మెత్తగా కరుచుకొచ్చి, ప్రాణంతోనే చేతిలో పెట్టింది. ఇషూ చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయింది. తాడు తగిలింది. కత్తి ఒర ఉండేది బెల్టుకు.

బిస్మిల్లా అని పేల్చాడు గనక తూటా దెబ్బకే చచ్చి ఉంటే చిక్కు లేదు. ప్రాణంతో దొరికింది గనక గొంతు కోయాలి. కోయకముందే చస్తే హలాల్ కాదు, రబ్హా ముట్టదు. పదునైన రాయి కోసం చుట్టూ తడిమాడు. దొరికినవన్నీ గుండ్రాళ్లే. ఇల్లు మూడు గంటల దూరం. లోయకు అవతల హద్దూ టీ కాచుకుంటున్న పొగ కనిపించింది.

ఇషూ పిట్టను చొక్కా లోపల పెట్టుకుని లోయలోకి దిగాడు. దాని గుండె తన పొట్టకు టకటకా తగులుతోంది. ఆ చప్పుడు ఆగినట్టు అనిపించినప్పుడల్లా అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. రెండుసార్లు జారిపడ్డాడు, రెండుసార్లూ వెల్లకిలానే పడ్డాడు.

హద్దూ సంగతంతా విని మూట విప్పాడు.

"చిన్న కత్తా, పెద్దదా, నడిమిదా బావా?"

ఇషూ చేతికందిన కత్తి లాక్కుని పిట్ట గొంతు కోశాడు. నెత్తురంతా కారేదాకా హద్దూ నవ్వు బిగబట్టాడు. ఆ తర్వాత మాత్రం కూలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

సాయంత్రం ఇషూ ఉల్లిపాయ, కాస్త కుంకుమపువ్వు వేసి తనే చారు కాచి తెచ్చాడు. రబ్హా లేచి కూర్చుని, ఒక్క చెంచా తాగి గిన్నె పక్కన పెట్టేసింది. బాగుంది, ఇక చాలంది. ఇషూకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమెకివ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేదు.

"కత్తి మర్చిపోయాను," అన్నాడు.

రబ్హా అతనివైపు తిరిగింది. "ఎవరూ, నువ్వా?"

"బెల్టు బరువని ఇంట్లో వదిలేశా. కత్తి దానికే ఉంది."

ఆమె కుట్ల మీద చెయ్యి అదిమి పట్టుకుని నవ్వింది. "హద్దూకి తెలిసిందా?"

అడుగుతూనే చెంచా అందుకుంది, తనకే తెలియకుండా. ఇషూ చూశాడు. తను మాట ఆపితే చెంచా ఆగుతోంది, చెబుతుంటే కదులుతోంది. ఇక అతను ఏదీ వదల్లేదు. లేని వాన కురిపించాడు, రాని అడవిపందిని రప్పించాడు, దారిలో ఒక చెవిటి గొర్రెలకాపరిని కూర్చోబెట్టి, వాడితో తను జారిపడ్డ రెండు రాళ్ల పేర్లూ వాటి పుట్టుపూర్వోత్తరాలూ చెప్పించాడు. రబ్హా గిన్నె వంచి అడుగున మిగిలింది తాగేసరికి, కథలో ఇషూ ఇంకా లోయ సగమైనా దిగలేదు.