షాహిదా వాళ్ల కారు

పుంగనూరులో ఒక పాత కారు అమ్మకానికి వచ్చిందని ఇమ్రాన్ చెప్పినప్పుడు అర్షియా పెనం మీద రొట్టె తిప్పుతూ "ఎవరిది?" అని మామూలుగానే అడిగింది. అతను జవాబు చెప్పడానికి ముందు చెంబెత్తి నీళ్లు తాగాడు. దాహం లేకుండా తాగిన ఆ తీరు చూసే ఆమెకు అనుమానం వచ్చింది.

"మొయినుద్దీన్ చాచా వాళ్లది. స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసులో తయారైన బండి. ఇప్పుడు ఎంత ఎతికినా దొరకదు."

మొయినుద్దీన్ పుంగనూరులో చింతపండు వ్యాపారి. చనిపోయి ఏడాది దాటింది. ఆయన కూతురు షాహిదా. పెళ్లికి ముందు ఇమ్రాన్ ఆ షాహిదాను ఇష్టపడ్డాడనీ, అతని తల్లి వెళ్లి సంబంధం అడిగితే మొయినుద్దీన్ టీ ఇచ్చి మర్యాదగా కాదన్నాడనీ, తర్వాత ఆ పిల్లను కుప్పంలో బట్టల కొట్టు ఉన్న వాళ్లకిచ్చారనీ అర్షియాకు తెలుసు. ఇమ్రాన్ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో ఆడబిడ్డ నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు కూడా అర్షియా మర్చిపోలేదు.

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. కానీ అర్షియా పెరిగింది తంబళ్లపల్లె పక్క పల్లెలో, చుట్టూ తెలుగువాళ్ల ఇళ్ల మధ్య. కోపం వస్తే ఆమెకు తెలుగే వస్తుంది.

"ఊర్లో ఇంగ కార్లే లేవా?"

"కార్లు ఉండాయి. హెరాల్డ్ లేదు."

"అది నడస్తాదా?"

"ఇప్పుడు నడవదు. నేను నడిపిస్తా."

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద ఇమ్రాన్‌కు షాపు ఉంది. కార్లకు వైరింగు, ఏసీ పని చేస్తాడు. పొద్దస్తమానం ఎవరెవరి కార్లకిందో దూరి, సాయంత్రానికి స్కూటర్ మీద ఇంటికొస్తాడు. తనకంటూ ఏదీ అడిగే మనిషి కాదు. పండగకు చొక్కా కూడా అర్షియా తెస్తేనే. అలాంటివాడు జీవితంలో మొదటిసారి ఒకటి కావాలన్నాడు, అదీ షాహిదా వాళ్లది! ఆ రాత్రి రొట్టెలు రెండు మాడాయి.

తర్వాత కొన్నాళ్లు ఆమె చెప్పని కారణం లేదు. పెట్టడానికి జాగా లేదంది. తుప్పు పట్టిన బండికి ఎంత పోసినా సరిపోదంది. సామాన్లు యాడ దొరుకుతాయంది. అతను అన్నీ విని తల ఊపేవాడు. పక్క గదిలోకి వెళ్లి ఫోన్‌లో పాత కార్లు బాగుచేసే వీడియోలు చూసేవాడు. ఒకరోజు అతను స్నానానికి వెళ్లినప్పుడు అర్షియా ఆ ఫోన్ తీసింది. పుంగనూరు నుంచి ఎవరో పంపిన ఫోటోలో కారు టార్పాలిన్ కింద సగం కనిపిస్తోంది. మూలన, షెడ్డు గడప దగ్గర, ఒక జత ఆడవాళ్ల చెప్పులు. వేళ్లతో ఆ మూలను పెద్దది చేసి చూసింది. షాహిదా తల్లి లాల్ బీ చెప్పులు అయ్యుంటాయిలే అనుకుంది. కానీ ముసలామె వేసుకునే చెప్పులు కావవి. మడమ దగ్గర పూసలున్నాయి.

"ఆదివారం సూసేదానికి పోతాండా" అన్నాడు ఇమ్రాన్.

"నేనూ వస్తా."

రంజాన్‌కు కుట్టించుకున్న కొత్త బట్టలు వేసుకుంది. పైన బురఖా వేసుకుంటే అవి ఎవరికీ కనపడవని తెలుసు. అయినా వేసుకుంది.

పుంగనూరులో లాల్ బీ వాళ్లిద్దరినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మనిషి బాగా చిక్కిపోయింది. మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. షెడ్డు పెరట్లో ఉంది. ఇమ్రాన్ టార్పాలిన్ లాగేసరికి దుమ్ము లేచింది. మీగడ రంగు ఎక్కడెక్కడో మిగిలి, తక్కినదంతా ఎర్రటి తుప్పు. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. సీట్లలోంచి స్ప్రింగులు బయటికొచ్చాయి. కింద రేకులో చెయ్యి పట్టేంత రంధ్రం.

ఇమ్రాన్ డ్రైవర్ వైపు తలుపు పట్టుకున్నాడు. లాగలేదు. ముందు కొంచెం పైకెత్తి, అప్పుడు లాగాడు. అది అలాగే తెరుచుకుంటుందని ఆ చేతికి ఇంకా గుర్తుంది. ఇంట్లో బెల్లం డబ్బా ఎక్కడుందో ఇప్పటికీ అడిగే మనిషి అతను. అర్షియా బురఖా అంచును వేళ్లకు చుట్టుకుంటూ నిలబడింది.

తర్వాత ముందువైపు మొత్తం, బానెట్టూ మడ్‌గార్డులూ కలిపి, ముందుకు వంచి తెరిచాడు. ఇంజను దగ్గర వంగి ఫ్యాన్ బ్లేడు పట్టుకుని తిప్పి చూశాడు. కదిలింది. అతని మొహం వెలిగింది.

"జాం కాలేదు ఖాలా! తిరుగుతాండాది!"

"నీ చేతిలో పెడితే బాగైపోతాది బాబా" అంది లాల్ బీ. అర్షియా వైపు తిరిగి, "ఈ బండి తుడిసేదానికి దినామూ వచ్చేవాడమ్మా. వాన వచ్చినా వచ్చేవాడు" అని, అన్నాక ఏమన్నదో తట్టి, "బండి అంటే అంత పిచ్చి" అని కలిపింది.

అప్పుడే కుప్పం నుంచి షాహిదా వచ్చింది. బండి తండ్రి పేరు మీద ఉంది కాబట్టి అమ్మాలంటే ఆమె సంతకం కూడా కావాలట. చేతిలో తల్లికి తెచ్చిన మందుల సంచీ. ఒళ్లు చేసిన మనిషి, కళ్లద్దాలు, బస్సు ప్రయాణానికి నలిగిన మొహం. అర్షియా ఇన్నేళ్లూ మనసులో పెట్టుకున్న అందగత్తె ఈమె కాదు. దాంతో ఆమెకు నిమ్మళం కలగలేదు, ఇంకా మండింది. అందగత్తె అయ్యుంటే కారణం అదేనని సరిపెట్టుకునేది. మామూలు మనిషిని ఇష్టపడ్డాడంటే, ఊరికే ఇష్టపడ్డాడన్నమాట.

"ఇమ్రాన్... భాయ్, బాగుండారా?" అంది షాహిదా.

పేరుకూ భాయ్‌కూ మధ్య చిన్న సందు. అర్షియా ఆ సందును విన్నది.

ఇమ్రాన్ ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. కింద రేకు కోసి కొత్తది వెల్డింగు చెయ్యాలి, వైరింగు మొత్తం తానే లాగుతాడు, బ్రేకులు చూడాలి. షాహిదా విని నవ్వేసింది.

"ఈ ఇనప డబ్బా యాల మీకు? పాత సామాన్ల వానికి ఏసెయ్యమని అమ్మకు ఎప్పుడో చెప్పినా. నీకింగా ఆ పిచ్చి పోలేదా ఇమ్రాన్?"

ఈసారి భాయ్ లేదు. ఇమ్రాన్ మొహం దీపం ఆర్పినట్టయింది. బానెట్టు మెల్లగా మూసి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఆలోచించి చెప్తా ఖాలా" అన్నాడు.

ఊరు దాటాక రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర స్కూటర్ ఆపాడు. గ్లాసు చేత పట్టుకుని, తాగకుండా, పోయే లారీలను చూస్తూ నిలబడ్డాడు.

"వద్దులే. నువ్వు చెప్పిందే నిజం. ఇనప డబ్బా."

ఇన్ని రోజులుగా ఆమె కోరుకున్న మాటే అది. కానీ లోపల ఏదో భగ్గుమంది.

"డబ్బా అని నేను అన్లేదు."

"ఏందీ?"

"తుప్పన్నా. జాగా లేదన్నా. డబ్బా అనింది ఆమె. ఇన్నిదినాలు నేను గొంతు సించుకుంటే కదల్లేదు నువ్వు. ఆమె నవ్వతా ఒక మాట అంటే మానుకుంటాండావు!"

"మానుకోమనే కదా నువ్వు చెప్తాండేది?"

"నా మాటకు మానుకో. ఆమె మాటకు యాల మానుకుంటావు?"

టీ కొట్టాయన పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా వాళ్లనే చూస్తున్నాడు. అర్షియాకు సిగ్గేసింది. అయినా ఆగలేదు. ఇన్నేళ్లూ అడగనిది గొంతు తగ్గించి అడిగింది.

"ఆమె అంటే ఇంగా ఉండాదా నీకు?"

ఇమ్రాన్ చల్లారిన టీ కింద పారబోశాడు.

"అప్పుడు ఉండె. లేదని అబద్ధం చెప్పను. అది ఎప్పుడో పాయె. ఆ ఇంట్లో నన్ను గడప లోపలికి రమ్మనలేదు అర్షియా. పెరట్లోకి మాత్రం రానిచ్చేవాళ్లు. ఆ పెరట్లో చాచా నన్ను పక్కన నిలబెట్టుకోని, ఇది కార్బురేటర్, ఇది డైనమో అని సూపించేవాడు. ఈ దినం నేను నాలుగు మెతుకులు తింటాండానంటే ఆ బండి దగ్గర నేర్చుకునిందే. పిల్లనియ్యలేదని ఆయన మింద కోపం ఉండె. బండి మింద ఏం కోపం?"

'ఉండె' అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. తక్కినదంతా నిజమేనని ఆమెకు అర్థమైంది. గుచ్చుకున్నదీ అర్థమైందీ రెండూ ఒకేసారి లోపల ఉండటం ఆమెకు ఇబ్బందిగా తోచింది. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"స్కూటర్ తిప్పు."

"యాడికి?"

"పుంగనూరికి. కొందాం."

లాల్ బీ వాళ్ల వాకిట్లో నిలబడి అర్షియానే చెప్పింది, బండి మాకే కావాలని. చెబుతున్నంతసేపూ షాహిదా మొహమే చూసింది. షాహిదా తెల్లబోయింది. ఆ తెల్లబోవడం అర్షియాకు బాగా నచ్చింది. ఇంటికి వచ్చేదాకా దారంతా నచ్చుతూనే ఉంది.

బండిని లారీలో మదనపల్లెకు తెచ్చి షాపు వెనక పెట్టారు. పని ముగిసిన తర్వాత సాయంత్రాలు ఇమ్రాన్ దాంతోనే ఉండేవాడు. విడి భాగాల కోసం బెంగళూరుకూ చెన్నైకీ తిరిగాడు. ఒకసారి ఇంజను స్టార్టయి మళ్లీ ఆగిపోతే రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అర్షియా టిఫిన్ తీసుకెళ్లి అక్కడే స్టూలు మీద కూర్చునేది. మొదట్లో కాపలాకు వెళ్లినట్టే వెళ్లింది. పోనుపోను స్పానర్ల సైజులు ఆమెకూ తెలిశాయి.

రంగు దగ్గర పెద్ద గొడవ జరిగింది. పాత బండికి అసలు రంగు వేస్తేనే విలువని ఇమ్రాన్ అన్నాడు.

"అసలు రంగు వాళ్లది" అంది అర్షియా. "మనది పచ్చ."

అతను ఆమెను కొంతసేపు చూసి, పెయింటరుకు ఆకుపచ్చ చెప్పాడు.

ఎండలు ముదరకముందే కుప్పంలో బంధువుల పెళ్లి వచ్చింది. హెరాల్డ్‌లోనే బయలుదేరారు. పలమనేరు దాటి బైరెడ్డిపల్లె దగ్గర రేడియేటర్ వేడెక్కితే నీడలో ఆపి, చల్లారాక నీళ్లు పోసి, మళ్లీ కదిలారు. పెళ్లి మంటపం ముందు జనం మూగారు. ఫోన్లు తీసి ఫోటోలు పట్టుకున్నారు. సాయంత్రం తిరిగి బయలుదేరబోతూ అర్షియా ముందు సీట్లో కూర్చుంది. ఇమ్రాన్ నీళ్లు చూద్దామని బానెట్టు ముందుకు వంచాడు. అప్పటిదాకా పచ్చకారు తమదేనని పోల్చుకోక దాటిపోబోతున్న షాహిదా, అది తెరుచుకున్న తీరు చూసి ఆగిపోయింది.

దగ్గరికొచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగింది. కిటికీ అంచు మీద అరచెయ్యి ఆనించింది.

"మా అబ్బాజాన్ మోచెయ్యి ఈడే పెట్టుకోని నడిపేవాడు" అంది. ఇమ్రాన్‌ను చూడలేదు. అర్షియా వైపే వంగి అడిగింది. "ఒకసారి కూసోనా భాభీ?"

మంచి మనిషైతే ముందు సీటు దిగి ఇస్తుందని అర్షియాకు తెలుసు. తండ్రి పక్కన కూర్చున్న చోటు కదా అది. ఆమె దిగలేదు. వెనక్కి చెయ్యి చాపి తలుపు తెరిచింది.

"ఎక్కండి."

షాహిదా వెనక కూర్చుంది. రైల్వే స్టేషన్ వైపు పోయి తిరిగి వద్దామని బయలుదేరారు. షాహిదా కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయింది. స్టేషన్ దగ్గర బండి తిప్పబోతుంటే, "ఇంగ కొంచెం దూరం పోదామా?" అని వెనకనుంచి అడిగింది.

ఇమ్రాన్ బండి నెమ్మది చేసి, అర్షియా వైపు చూశాడు.

"పోనీ" అంది అర్షియా. "రైల్వే గేటు దాకానే" అని కలిపింది.