ఆఖరి బంతి

ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టే మా ఆయన భిక్షానికి క్రికెట్ అంటే పిచ్చి. కానీ హైదరాబాద్ జట్టు ఆడుతుంటే మాత్రం టీవీ వైపు చూడడు. తాను చూస్తే వికెట్ పడుతుందట! నన్ను టీవీ ముందు కూర్చోబెట్టి, తాను వాకిట్లో చిరిగిన వల కుట్టుకుంటూ, "రేణుకా, ఎంతైంది?" అని బంతి బంతికీ నా ప్రాణం తీస్తాడు.

"నువ్వు జూస్తున్నవని ఆళ్లకెట్ల తెలుస్తదయ్యా?" అని ఎన్నోసార్లు కసురుకున్నాను. వింటేగా!

మొదట్లో నాకు సిక్సు అంటే ఏమిటో కూడా తెలియదు. ఆయనకు చెప్పడం కోసమని చూసీ చూసీ, ఇప్పుడు పొయ్యి మీద పులుసు మాడుతున్నా లేవడం లేదు.

నిన్న సాయంత్రం ఆఖరి బంతికి నాలుగు పరుగులు కావాలి. టీవీకి ఇంకాస్త దగ్గరికి జరిగాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలో నీడ పడింది. ఉండబట్టలేక వచ్చేశాడు మహానుభావుడు.

"బయటికి పో!" అని అరిచాను.

ఆయన బిత్తరపోయి వెనక్కి తిరిగాడో లేదో, మా జట్టువాడు కొట్టిన బంతి బౌండరీ గీత దాటేసింది.

"గెల్చినం!" అని గంతులేశాను.

"ఇగ రావొచ్చా?" గోడ అవతలి నుంచి చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఒక్కపారన్న జూస్తనే."

టీవీలో ఆ బంతినే మళ్లీ చూపిస్తున్నారు. నేను వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"జర ఆగయ్యా. గిది గూడ గీత దాటనీ."