చెయ్యెత్తే కండ

ప్రేమదాసు మాట ఇప్పుడు ఈ భూమ్మీద ఒక్క ఆరోగ్యమ్మకే తెలుస్తుంది. కుడి బుగ్గా, కింది దవడలో సగమూ ఆపరేషన్‌లో తీసేశాక అతని నోట్లోంచి వచ్చేది మాట కాదు, గాలీ ఉమ్మీ కలిసిన ఒక రొద. ఆ రొదలోంచి మాట ఏరుకోవడం ఆరోగ్యమ్మకి పట్టుబడింది. అంచేత వత్సవాయిలో ఎవరికి ప్రేమదాసుతో పని పడినా అతని మొహం చూడరు, ఆవిడ వంకే చూస్తారు. "ఏవంటన్నాడే?" అంటారు. ఆవిడ చెబుతుంది. మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే అతని తరఫున మాట్లాడ్డం ఆవిడకి మొదట్లో సిగ్గుగా ఉండేది. రోగం వచ్చిన ఇంట్లో సిగ్గులు ఎన్నాళ్లుంటాయి?

ఆ రోజు పొద్దున్నే ఇద్దరూ జగ్గయ్యపేట చేరి, అక్కణ్ణించి నందిగామ బస్సెక్కారు. ప్రేమదాసుని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. బస్సు కుదిపినప్పుడల్లా అతని కుడి చెయ్యి ఒళ్లోంచి జారిపోతోంది. ఆవిడ తీసి మళ్లీ ఒళ్లో పెడుతోంది. నందిగామలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉంది, ఆ చెయ్యి ఒకసారి చూపించమని ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాడు. ఆరోగ్యమ్మకి కావలసింది ఒక్కటే. ఆ చెయ్యి పైకి లేవాలి. నెత్తి దాటి స్లాబు దాకా లేవాలి.

ప్రేమదాసు తాపీమేస్త్రి. గోడలు ఎవడైనా పూస్తాడు. స్లాబు కింద పూత పూయడం వేరే సంగతి. మెడ వెనక్కి వాల్చి, చెయ్యి నెత్తి మీదికెత్తి, తాపీతో సిమెంటు మాలు విసిరికొట్టాలి. కొట్టింది కొట్టినట్టు అంటుకోవాలి. సగం మొహాన పడితే వాడు మేస్త్రీ కాదు, మాలు మోసే కూలీ. వత్సవాయి నుంచి చిల్లకల్లు దాకా స్లాబు పూత అంటే ప్రేమదాసే. కింద నుంచి మాలు నింపిన గమేళా అందించేది ఆరోగ్యమ్మ. పెళ్లయిన దగ్గర్నుంచీ అదే వరస. ఆవిడ రెండు చేతుల్తో పైకెత్తుతుంది, అతను పరంజా మీంచి వంగి అందుకుంటాడు. పైన ఉన్నంతసేపూ క్రీస్తు పాటలు పాడేవాడు. గొంతు బాగుండేది కాదు. అయినా ఎవరూ ఆపమనేవాళ్లు కాదు, పాటతో పాటు పనీ ఆపేస్తాడేమోనని.

పాడేటప్పుడు కూడా కుడి బుగ్గలో ఖైనీ ఉండేది. "రెండు చేతులూ మాలులో ఉంటే బీడీ ఎట్టా కాల్చేదే?" అని న్యాయం చెప్పేవాడు. చెడ్డ అలవాటుకి సాకు వెతుక్కోవడంలో మగాడి తెలివికి సాటి లేదు. బుగ్గలో పుండు పడితే పన్ను గుచ్చుకుందన్నాడు. నోరు సరిగ్గా తెరుచుకోక, అన్నం ముద్దని వేలితో కుక్కుకోవడం ఆరోగ్యమ్మ కంటబడ్డాక గానీ ఆస్పత్రికి కదల్లేదు.

అప్పటికి వాళ్ల వాడలో కొత్త ప్రార్థన మందిరానికి స్లాబు పడింది. మందిరం పనికి ఎవరూ కూలి తీసుకోరు. ఎవరి విద్య వాళ్లు ప్రభువుకి అర్పిస్తారు. అర్పణగా మొదలుపెట్టిన పని ఆ చెయ్యే ముగించాలి, మధ్యలో ఇంకొకడు తాపీ పెట్టకూడదు. అది వాళ్ల కట్టుబాటు. ప్రేమదాసు పైకప్పు సగం పూశాడు. ప్రసంగ పీఠం పైన ఉన్న సగం మిగిలిపోయింది. "ప్రేమదాసు వచ్చి పూసేదాకా ఈ పరంజా విప్పం" అన్నాడు పాస్టరు డేవిడ్‌రాజు. అప్పట్నుంచీ ఆదివారం ఆదివారం జనం ఆ కర్రల మధ్యే ఒదిగి కూర్చుని ప్రార్థన చేస్తున్నారు. ప్రతి ప్రార్థనలోనూ ప్రేమదాసు చెయ్యి ఉంటుంది.

ఆపరేషన్ బెజవాడలో జరిగింది. మెడలో గడ్డలు తీశారు. బుగ్గ తీసిన చోట పూడ్చడానికి కుడి ఛాతీ మీది కండని, మెడ తోలు కిందుగా పైకి తిప్పి బుగ్గలో కుట్టారు. "కండని పూర్తిగా కోసెయ్యలేదమ్మా. దానికి రక్తం ఇచ్చే నాళం ఇంకా ఛాతీలోనే ఉంది. దాని మీదే ఈ బుగ్గ బతుకుతుంది" అని డాక్టరు వేలితో గీసి చూపించాడు. ఆరోగ్యమ్మకి ఇట్టే అర్థమైంది. ఇంటి రేకుల మీదికి పాకించిన సొరపాదు లాంటిదన్న మాట. మొదలు కింద, కాయ పైన. తీగ పట్టి గుంజితే కాయ వాడిపోతుంది. ఆ అర్థమవడమే కొంప ముంచింది. ఏమీ అర్థం కాకపోయి ఉంటే చెప్పింది చెప్పినట్టు చేసేది.

ఇంటికి పంపేరోజున చెయ్యి ఆడించాలనీ చెప్పారు. గోడకెదురుగా నిలబడి, వేళ్లు పాకిస్తూ చేతిని పైకెక్కించాలన్నారు. నర్సు చేసి చూపించింది కూడా. ఇంటికొచ్చిన మర్నాడు ప్రేమదాసు గోడ దగ్గర నిలబడ్డాడు. వేళ్లు పాకాయి. చెయ్యి భుజం ఎత్తుకి లేచింది. ఆరోగ్యమ్మ ఎదురుగానే ఉంది. చెయ్యి లేచేసరికి బుగ్గలో కుట్టిన కండ ఎగిరిపడింది. ఒడ్డున పడ్డ చేపపిల్లలా కొట్టుకుంది. కుట్టు పక్కన నెత్తురుబొట్టు పొడిచింది. ఆవిడ కెవ్వుమని అరిచి అతని చెయ్యి పట్టుకుని కిందికి లాగేసింది.

"తెగిపోద్దయ్యా! బుగ్గ ఊడొస్తే మళ్లీ యాడ తెచ్చి కుట్టేది?"

పాత నేతచీర చింపి, చెయ్యి మడిచి, ఛాతీకి ఆనించి కట్టేసింది. ప్రేమదాసు విప్పమన్నాడు. కళ్లతో అడిగాడు, ఎడం చేత్తో సైగ చేశాడు. ఆవిడ పక్కన లేనప్పుడు తనే విప్పుకుంటే వచ్చి చూసి, "నా మీద ఒట్టు" అని తల బాదుకుంది. ఆవిడ ఏడుపు ముందు అతనెప్పుడూ నిలవలేదు, అప్పుడూ నిలవలేదు. రేడియేషన్ కరెంటు పెట్టించుకోడానికి బెజవాడ తిరిగినన్నాళ్లూ ఆ కట్టు ఉంది. ఆస్పత్రి గుమ్మంలో విప్పేది, బయటికి రాగానే కట్టేది. చెయ్యి ఆడిస్తున్నాడా అని లోపల ఎవరైనా అడిగితే "ఆడిస్తన్నాడండి" అని ఆవిడే చెప్పింది. ఆ గుడ్డని రోజూ వేన్నీళ్లలో ఉతికి ఆరేసేది. వాడలో ఆడవాళ్లు మెచ్చుకున్నారు. మొగుణ్ణి పసిబిడ్డలా సాకుతోందన్నారు. నిజమే, సాకింది. అంత ప్రేమగా ఒక చేతిని చంపడం ఇంకెవరివల్లా కాదు.

పుళ్లన్నీ మాని, ఇక తెగదని ధైర్యం వచ్చాక కట్టు విప్పింది. చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. భుజం కిందికి జారింది. మోచెయ్యి పక్కటెముకల్ని వదల్లేదు. కొత్త బుగ్గలోపల ఛాతీ మీది వెంట్రుకలు మొలిచాయి. అది చూసి ఇద్దరూ నవ్వుకున్నారు. చెయ్యి చూసి నవ్వు రాలేదు.

నందిగామలో ఆ గది చిన్నది. కప్పు నుంచి గిలకకి తాడు వేలాడుతోంది. నీహారిక అనే ఆ అమ్మాయి ప్రేమదాసు మోచెయ్యి కింద చెయ్యేసి మెల్లగా ఎత్తింది. కొంచెం లేచి ఆగింది. ఇంకాస్త ఎత్తబోతే చేతితోపాటు మనిషే పక్కకి ఒరిగాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఆపరేషన్ అయిన కొత్తలో ఎంతవరకు లేచేదమ్మా?"

"భుజం దాకా లేచిందండి. నా కళ్లతో చూశా."

"మరి తర్వాత ఏమైంది? ఎక్సర్‌సైజులు చేయించలేదా?"

"కదలకుండా గుడ్డతో కట్టే ఉందండి. కరెంటు అయిపోయేదాకా కట్టు విప్పలా." ఆ మాట అన్నప్పుడు ఆరోగ్యమ్మ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

నీహారిక అతని చేతిని ఒళ్లో పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చూడమ్మా. మెడలో గడ్డలు తీసేటప్పుడు భుజాన్ని ఎత్తే నరం దెబ్బతింటుంది. దానివల్ల కొంత బలం పోతుంది. ఛాతీ కండ తీసినందుకు ఇంకొంత. అది తప్పదు. కానీ ఈయన చెయ్యి ఇంతగా ఆగిపోవడానికి అది కారణం కాదు. కీలు బిగుసుకుపోయింది. కట్టి పెట్టడంవల్ల బిగుసుకుపోయింది. మొదట్నుంచీ ఆడించి ఉంటే చాలావరకు వచ్చేది. అసలెవరు కట్టమన్నారు?"

ఆరోగ్యమ్మ నోరు తెరిచింది. గదిలో గిలక తాడు ఆవిడ కళ్లముందు రెండుగా కనిపించింది. అప్పుడు ప్రేమదాసు రొద చేశాడు.

"ఏమంటున్నారు?" అంది నీహారిక, అందరిలాగే ఆవిడ వంక తిరిగి.

అతనన్నది ఆరోగ్యమ్మకి ఒక్క అక్షరం పోకుండా తెలిసింది. "నేనే కట్టుకున్నానని చెప్పు. నువ్వు వద్దన్నా వినలేదని చెప్పు."

అతను మళ్లీ అన్నాడు. "చెప్పవే."

"ఆయనే... ఆయనే కట్టుకున్నాడంటండి. నేను వద్దంటన్నా ఇన్లేదంట."

నీహారికకి కోపం వచ్చింది. "ఏం మనిషండీ మీరు? ఆవిడ అంత చాకిరీ చేస్తుంటే ఆవిడ మాటన్నా వినొద్దా? డాక్టర్లు చెప్పింది పక్కనబెట్టి సొంత వైద్యాలేంటి?" అని నాలుగు మాటలు అంది. ప్రేమదాసు తలొంచుకున్నాడు. ప్రతి తిట్టుకీ తప్పయిందన్నట్టు తల ఊపాడు. ఆ తిట్లు ఎవరివో తెలిసిన మనిషి పక్కనే, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

కాసేపటికి ఆరోగ్యమ్మే అంది. "తెగిపోద్దని భయమండి... ఆయనకి. చెయ్యి ఎత్తితే బుగ్గ కొట్టుకుంది మరి."

"తెగదమ్మా. అది చెయ్యెత్తడానికి పనికొచ్చే కండ. బుగ్గలోకి మార్చినా దాని నరం దానికుంది. చెయ్యెత్తుదాం అనుకోగానే అదీ ఎగురుతుంది. పాత పని మర్చిపోలేదు, అంతే. భయపడాల్సింది ఏమీ లేదు."

"నెత్తి మీదికి లేస్తదా అమ్మా? స్లాబు పూత పూయాలి."

నీహారిక అతని భుజం ఇంకోసారి నొక్కి చూసింది. "రోజూ వచ్చి చేయించుకుంటే ఆ చేత్తో అన్నం తింటారు. చొక్కా వేసుకుంటారు. స్లాబు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి" అంది.

నందిగామ నుంచి తిరుగు బస్సులో ప్రేమదాసు చెయ్యి మళ్లీ ఒళ్లోంచి జారింది. తీసి ఒళ్లో పెట్టడానికి ఈసారి ఆరోగ్యమ్మకి చేతులు రాలేదు. ముట్టుకుంటే ఇంకేం పాడవుతుందోనని భయం. చెయ్యి సీటుకీ కిటికీకీ మధ్య వేలాడుతూనే వచ్చింది. జగ్గయ్యపేట బస్టాండులో దిగాక ఆవిడ ఒక బెంచీ మీద కూలబడింది.

"నన్ను తిట్టయ్యా" అంది. "కట్టిన రోజునే ఎందుకు తన్నలేదు నన్ను? ఇప్పుడన్నా ఒక్క తిట్టు తిట్టు."

ప్రేమదాసు పక్కన కూర్చున్నాడు. చొంగ తుడుచుకున్నాడు. "తిడితే నీకొక్కదానికేగా తెలిసేది" అన్నాడు. "నలుగురికీ తెలియని తిట్టు ఏం తిట్టే?"

ఆవిడకి నవ్వు రాలేదు. అది నవ్వించడానికి అన్న మాటేనని మాత్రం తెలిసింది. అదే ఎక్కువ కోసింది.

వత్సవాయిలో దిగేసరికి మందిరం గుమ్మంలో పాస్టరు ఎదురుచూస్తున్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు పెద్దలు ఉన్నారు. అందరి కళ్లూ ప్రేమదాసు చేతి మీదికి పోయి, అక్కణ్ణించి ఆరోగ్యమ్మ మొహం మీదికి వచ్చాయి.

"ఏమన్నారమ్మా?" అన్నాడు డేవిడ్‌రాజు.

ప్రేమదాసు ముందుగా మాట్లాడాడు. ఆవిడకి వినబడింది. "ఇంకో మేస్త్రీని చూసుకోమను. నా బద్ధకంవల్లే చెయ్యి పోయిందని చెప్పు. అర్పణ చెడగొట్టింది నేనేనని చెప్పు."

"ఏమంటున్నాడమ్మా?"

ఆరోగ్యమ్మ పొద్దున ఒకసారి అతని అబద్ధం తన నోటితో చెప్పింది. ఆ అబద్ధం ఇంకా గొంతులో అడ్డంపడే ఉంది. రెండోదానికి చోటు లేదు.

"ఇంకో మేస్త్రీని చూసుకోమంటన్నాడు అయ్యగారూ. చెయ్యి ఇంక లేవదంట. లేచే చెయ్యే. నేనే కట్టేశా. బుగ్గ తెగిపోద్దని, పిచ్చిదాన్ని, గుడ్డతో నేనే బిగించి కట్టేశా."

ప్రేమదాసు పెద్దగా రొద చేశాడు, ఎడం చెయ్యి అడ్డంగా ఊపాడు. పెద్దలు బిత్తరపోయి చూశారు. పాస్టరు మళ్లీ ఆవిడ వంకే తిరిగాడు. "ఏంటమ్మా అంటున్నాడు?"

"నేను చెప్పేది అబద్ధమంటన్నాడు అయ్యగారూ."

"దేవుడి చిత్తమమ్మా" అన్నాడు చివరికి డేవిడ్‌రాజు. ఆయన మంచివాడే, అంతకంటే చెప్పగలిగింది ఆయన దగ్గర లేదు.

"దేవుణ్ణేం అనొద్దండి" అంది ఆరోగ్యమ్మ. "ఇవి నా చేతులు."

పరంజా రేపు విప్పేద్దామని పెద్దలు మెల్లగా అనుకున్నారు. ఆ మాట ప్రేమదాసు చెవిన పడింది. అతను వాళ్లని దాటుకుని లోపలికి వెళ్లి, కర్రల మధ్య తను ఎప్పుడూ ఎక్కే చోట ఆగాడు. మెడ అంతగా వాలదు. నడుం వెనక్కి వంచి పైకి చూశాడు. తను పూసిన నున్నటి పూత ఎక్కడ ఆగిందో అక్కడ చూశాడు. అవతల సగం పూత పడని స్లాబు, చెక్కల అచ్చులతో, గరుగ్గా ఉంది.

ఆరోగ్యమ్మ అతని వెనకే వచ్చి, పాత అలవాటున కుడి పక్కన, గమేళా అందించే చోట నిలబడింది. అతని మొహం చూసింది. అతను స్లాబు అందుకోబోతున్నాడు. తాపీ పట్టినట్టు, ఉన్న బలమంతా కూడగట్టి చెయ్యెత్తుతున్నాడు. చెయ్యి పక్కన వేలాడుతూ ఉంది. బుగ్గలో కండ ఒక్కటే ఎగిరెగిరి పడుతోంది.