కూర్మయ్య మింగిన మాట

శృంగవరపుకోటలో అరకు రోడ్డు మీద ముప్పయ్యేళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్న కూర్మయ్య లెక్కలో లోకంలో సగం మంది వెధవలు, మిగతా సగం ఫోన్లో వీడియోలు చూసే వెధవలు. ధర్మేంద్ర రెండో రకం.

ధర్మేంద్రకు ఉన్నదల్లా ఒక పాత కారు. దాంతో అరకు కిరాయిలు తిప్పితేనే ఇల్లు గడిచేది. అలాంటి బండికి ఏనాడూ వేళకు ఆయిల్ మార్పించిన పాపాన పోలేదు కానీ, పైన మాత్రం రెండుసార్లు రంగు వేయించాడు. పైన పటారం, లోన లొటారం. ఆ రోజు పొద్దున్నే ఒక చేత్తో సింథటిక్ ఆయిల్ డబ్బా, ఇంకో చేత్తో ఇంజన్ కడిగే ఫ్లష్ సీసా పట్టుకుని పెళ్లికొడుకులా దిగాడు.

"మావా, ముందు ఈ ఫ్లష్ పోసి పది నిమిషాలు ఇంజన్ తిప్పు. పాత ఆయిలంతా దించీసి ఈ సింథటిక్ పొయ్యి. బండి కొత్తదైపోతాది."

కూర్మయ్య ఆయిల్ మూత తీసి వేలు పెట్టాడు. మాడిన బెల్లంపాకంలా నల్లటి మడ్డి వేలికి అంటుకుంది. ఇందులో ఫ్లష్ పోస్తే ఈ మడ్డి పెళ్లలుగా ఊడి, అడుగున ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడుతుంది. ఆయిల్ పైకెక్కక ఇంజన్ పట్టేస్తుంది. ముందు ఇంజన్ అడుగు విప్పి చేత్తో శుభ్రం చేయాలి. మహా అయితే ఒక పూట పని.

"ఒరే, ముందు కింద ఇప్పి సూడాల..."

"నీకేటి తెలుస్తాది మావా? మీ కాలం యేరు. ఇంజనీరే సెప్పినాడు, సూడు!" అంటూ ధర్మేంద్ర ఫోన్ తీసి ముఖం మీద పెట్టాడు.

తాతకు దగ్గులు నేర్పుతున్నాడు! కూర్మయ్యకు ఒళ్లు మండిపోయింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, అనుభవించరా వెధవా అనుకున్నాడు.

"అలాగే అల్లుడా," అన్నాడు పైకి. చెప్పింది చెప్పినట్టే పోశాడు, తిప్పాడు, దించాడు, కొత్తది నింపాడు. అడుగు జోలికి మాత్రం పోలేదు.

ఐదో రోజు అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా, కిరాయి మనుషులు లోపల ఉండగానే, ఇంజన్ పట్టేసింది. బండిని లారీకి కట్టి షెడ్డుకు తెచ్చారు. కూర్మయ్య అడుగు విప్పి చూస్తే జల్లెడ నిండా మడ్డే. ఆ ఇంజన్ ఇక పాత ఇనుముకు తప్ప పనికిరాదు. తాను కోరుకున్నదే జరిగింది. తీరా చూస్తే నవ్వు రాలేదు.

ధర్మేంద్ర కేకలేస్తాడని, తిట్టిపోస్తాడని జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాడు. వాడు గుమ్మంలో చతికిలబడి ఒక్కటే అడిగాడు.

"ఇలాగైపోతాదని నీకు తెలుసా మావా?"

తెలుసంటే, తెలిసి ఎందుకు చేశావని అడుగుతాడు.

"తెల్దురా," అన్నాడు. ముప్పయ్యేళ్లలో ఒక బండి గురించి ఆ మాట అనడం అదే మొదటిసారి.

ధర్మేంద్ర కళ్లు తుడుచుకుని లేచి, ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"పోన్లే మావా, బాధపడకు. నీ అంతోడికే తెల్నప్పుడు, నాకేటి తెలుస్తాది?"

కూర్మయ్యకు తన ముఖాన తానే ఉమ్మేసుకోవాలనిపించింది.